మత్తు నర్సు కొలువుకి దారి ఐసీయూ మీదుగానే

ఇంటర్ బైపీసీ ఫలితాలు రాగానే అద్దంకిలో చాలా ఇళ్లలో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని లెక్కలు వేస్తారు. ఒకటి బీఎస్సీ నర్సింగ్ ఫీజుది, రెండోది బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువు అప్పటికే ఫోన్‌లో ఓ మాట వేసి ఉంటాడు: ‘‘ఇక్కడ మత్తు ఇచ్చే నర్సులకి ఏడాదికి రెండు లక్షల డాలర్లు వస్తాయి, తెలుసా!’’ ఆ మాట అబద్ధం కాదు. అయితే అది విని, పేరులో అనస్థీషియా ఉంది కదా అని రెండో కాగితానికే మొగ్గితే, ఆ కొలువుకి వెళ్లే దారి మాత్రం ఆ రోజే తెగిపోతుంది.

అమెరికాలో నర్స్ అనస్థటిస్ట్, అంటే సీఆర్ఎన్ఏ, ముందు నర్సు. రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు చేతికొచ్చి, ఐసీయూలో కనీసం ఏడాది పూర్తికాలం పనిచేశాకే సీఆర్ఎన్ఏ స్కూల్‌కి అప్లై చేయగలరు. ఆ లైసెన్సుకి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష రాయాలి. ఎన్‌క్లెక్స్ రాయాలంటే నర్సింగ్ చదివి ఉండాలి. అనస్థీషియా టెక్నాలజీ చదివినవాళ్లకి ఆ పరీక్ష రాసే అర్హతే లేదు. తర్వాత తెలుసుకుని మళ్లీ నర్సింగ్‌లో మొదటి ఏడాది నుంచి కూర్చోవడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

అలాగని టెక్నాలజీ కోర్సుని తక్కువ చేయడం లేదు. ఆపరేషన్ మొదలవకముందే మత్తు ఇచ్చే బాయిల్స్ మెషీన్ చెక్ చేసి, సర్క్యూట్లో లీకు లేదని చూసి, లారింగోస్కోప్ లైటు వెలుగుతోందో లేదో పరీక్షించి, సక్షన్ సిద్ధంగా పెట్టేది టెక్నీషియనే. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఈ వృత్తికి జాతీయ స్థాయిలో గుర్తింపు ఇచ్చింది. లైసెన్సు పరీక్ష పాసైతే గల్ఫ్‌లో ఉద్యోగాలూ ఉన్నాయి. కాకపోతే అది వేరే వృత్తి.

ఇంకో అపోహ కూడా ఉంది. మన దగ్గర నర్సు సొంతంగా మత్తు ఇవ్వడం లేదు. అది డాక్టరు పని. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో సిజేరియన్‌కి మత్తు డాక్టరు దొరక్క ఇబ్బంది పడుతుంటే, ప్రభుత్వం ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాల శిక్షణ ఇచ్చి పంపింది కానీ నర్సులకి ఆ బాధ్యత అప్పగించలేదు. ఇక్కడే ఉండి ఎదగాలనుకునే నర్సుకి అనస్థీషియాకి దగ్గరగా ఉన్నది క్రిటికల్ కేర్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల పీజీ కోర్సు ఉంది. దాని గురించి మన కాలేజీల్లో చెప్పేవాళ్లే తక్కువ.

అమెరికా కథ వేరు. సర్జన్లైన మేయో సోదరుల దగ్గర మత్తు ఇచ్చిన ఆలిస్ మగా అనే నర్సు, 14,000కి పైగా కేసుల్లో మత్తు వల్ల ఒక్క మరణమూ లేదని 1906లోనే ప్రచురించింది. అక్కడి నర్సు అనస్థటిస్టుల సంఘం 1931లో పుట్టింది. ఇప్పుడు ఆ చదువు డాక్టరేట్ స్థాయిది, కనీసం 36 నెలలు. 2022 నుంచి చేరేవాళ్లందరికీ అదే నిబంధన. చదువు పూర్తయ్యేలోగా కనీసం 600 కేసులు, 2,000 గంటల క్లినికల్ అనుభవం చూపించాలి.

అందుకే నర్సింగ్ అయ్యాక మొదటి ఉద్యోగం ఎక్కడన్నదే అసలు ప్రశ్న. ఆపరేషన్ థియేటర్‌లో చేరితే మత్తుకి దగ్గరవుతామని చాలామంది అనుకుంటారు. కానీ స్కూళ్లు అడిగేది ఐసీయూ అనుభవం. వెంటిలేటర్ మీదున్న రోగిని, బీపీ నిలబెట్టే ఇన్‌ఫ్యూజన్లని గంట గంటకీ సొంతంగా చూసుకున్న నర్సు వాళ్లకి కావాలి. చాలా స్కూళ్లు అమెరికా ఐసీయూ అనుభవమే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, వెళ్లాక అక్కడా ఐసీయూలోనే చేరాలి. అలాగని ఒంగోలులోనో గుంటూరులోనో చేసిన ఐసీయూ పని వృథా పోదు.

పత్తి, మిర్చి పండే ఈ నేల మీద ఐసీయూలో పనిచేసిన నర్సుకి పురుగుమందు కేసు కొత్తకాదు. తాగి వచ్చినవాళ్లు, రక్షణ లేకుండా పిచికారీ చేసి పడిపోయినవాళ్లు. నోటి వెంట నురగ, సూదిమొనంత అయిపోయిన కనుపాపలు, ఊపిరితిత్తుల్లో గరగర. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కిస్తూ, ఛాతీ పొడిబారిందా, నాడి 80 దాటిందా అని చూస్తూ రాత్రంతా మంచం పక్కనే నిలబడ్డ నర్సులు మన దగ్గర ఎందరో. ఆర్గానోఫాస్ఫరస్ మందు కోలినెస్టరేజ్ అనే ఎంజైములని పనిచేయనివ్వదు కాబట్టే ఇదంతా.

ఆ ఎంజైములే అనస్థీషియాలోనూ కీలకం. గొంతులో ట్యూబు వేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ని రక్తంలో విరగ్గొట్టేది వాటిలో ఒకటైన ప్లాస్మా కోలినెస్టరేజే. మామూలు మనిషిలో నిమిషాల్లో దిగిపోయే ఆ మందు, పురుగుమందు రోగిలో గంటల తరబడి కండరాలని కదలనివ్వదు. ఆపరేషన్ చివర కండరాలు మళ్లీ పనిచేయడానికి ఇచ్చే నియోస్టిగ్మిన్ కూడా ఆ ఎంజైములనే కొంతసేపు అడ్డుకుంటుంది. దాని తోడు గ్లైకోపైరోలేట్ గానీ అట్రోపిన్ గానీ ఎందుకిస్తారో పురుగుమందు కేసు చూసినవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. రోగి తేరుకున్నాడనుకున్న రెండో రోజో మూడో రోజో ‘తల పైకెత్తు నాన్నా’ అని అడిగి మెడ బలం చూస్తారు కదా, ఊపిరి ఆడించే కండరాలు మళ్లీ నీరసిస్తున్నాయేమోనని. మత్తు దిగిందో లేదో చూడటానికి అనస్థటిస్టులూ అయిదు సెకన్లు తల ఎత్తమని అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ పనికి నరాల మానిటర్ వచ్చింది.

సీఆర్ఎన్ఏ స్కూల్ ఇంటర్వ్యూలో ‘మీరు చూసిన కష్టమైన రోగి గురించి చెప్పండి’ అన్నప్పుడు అమెరికాలో పుట్టి పెరిగిన నర్సుల్లో ఈ కేసు చెప్పగలిగేవాళ్లు అరుదు. మీరు చెప్పగలరు. అయితే ఏం చేశారన్న దగ్గర ఆగిపోకూడదు. బోర్డులో కూర్చున్నవాళ్లు ‘ఎందుకు?’ అని తవ్వుతూనే ఉంటారు. నార్‌ఎపినెఫ్రిన్ ఏ రిసెప్టర్ మీద పనిచేస్తుంది? అది చాలనప్పుడు వాసోప్రెసిన్ ఎందుకు? వెంటిలేటర్‌లో పీప్ పెంచితే బీపీ ఎందుకు పడింది? బిట్లు బట్టీ పట్టి ఎంట్రన్స్ గట్టెక్కిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ‘సార్ పెట్టమన్నారు, పెట్టాను’ అన్నది మన వార్డుల్లో వినయం. ఆ గదిలో అది తప్పు జవాబు. తెలియనిది తెలియదని చెప్పి, ఎవరిని అడుగుతారో, ఎక్కడ చూస్తారో చెబితే మార్కులు పోవు.

మనవాళ్లకి ఇంకా కష్టమైన ప్రశ్న ఒకటుంది: డాక్టరు ఆర్డరు తప్పనిపించినప్పుడు మీరేం చేశారు? పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదనే పెంపకంలో పెరిగినవాళ్లు దీని దగ్గర తడబడతారు. డోసు సరిచూడమని ఫార్మసీకి ఫోన్ చేసిన సందర్భమో, ‘ఒక్కసారి చూడండి సార్’ అని రాత్రి రెండింటికి డాక్టరుని లేపిన సందర్భమో నిజంగా ఉంటే రాసిపెట్టుకోండి. కల్పించి చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక ఖర్చు, వీసా. మన దేశంలో పుట్టినవాళ్లు నర్సు ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకి ఏళ్ల తరబడి క్యూలో ఉండాల్సిందే, పదేళ్లు దాటుతోంది. చదువుకి లక్ష డాలర్లకి పైనే అవుతుంది, చదివే మూడేళ్లూ ఉద్యోగం చేయడం దాదాపు కుదరదు, ప్రభుత్వ రుణాలు సాధారణంగా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. అందుకే ఈ దారిలో తొందరగా నడవగలిగేది పెళ్లి వల్లో, తల్లిదండ్రుల వల్లో ఇప్పటికే గ్రీన్‌కార్డు చేతిలో ఉన్న నర్సులే. ‘మూడేళ్లలో సీఆర్ఎన్ఏ’ అనే ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు. దానికి ముందు కాగితాల పని ఉంటుంది: విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ. ఇవి నెలలు పడతాయి. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక మార్చిన ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు చేరుతుంది. నర్సింగ్ మొదటి ఏడాదిలోనే పాస్‌పోర్టు తీసుకోండి, టెన్త్ మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి మరీ. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చాలా వద్దా అన్నది అత్తింటివాళ్లతో మాట్లాడేటప్పుడు, ఎన్‌క్లెక్స్ ఫైలు సంగతి కూడా వాళ్లకి చెప్పండి.