ఒట్టు వేయకు బిడ్డా

బిడ్డా,

"ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తా మేడం" అని ఆ పిల్ల అడిగితే ఒట్టేయకుండా ఊరుకున్నావు. మంచి పని చేశావు, దానికి కుమిలిపోవడం దేనికి? ఒట్టేసి తప్పితే ఆ పిల్ల ఇక ఏ పెద్దనూ నమ్మదు. నిలబెట్టుకున్నావో, ఆమెకు ఎవరైనా హాని చేస్తున్నట్టయితే ఆ హానికి నువ్వే కాపలా కాసినట్టు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. అందుకని మళ్లీ అడిగితే ఇలా అను: "నీకు ఆపద ఉన్న సంగతైతే సాయం చేయగలవాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెప్తాను." అది విని లేచిపోయినా కోప్పడకు. మర్నాడు కూడా అదే ముఖంతో పలకరించు.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. సగం కోయలో మాట్లాడుతోందని పక్క బెంచీ పిల్లను దుబాసీగా కూర్చోబెట్టావట! ఆశ్రమ పాఠశాలలో ఒకే వరసలో కూర్చుని తిని, ఒకే గదిలో పడుకునే పిల్లలు వాళ్లు. ఇంట్లో సంగతి తోటి పిల్ల నోటి మీదుగా ఎలా చెప్తుంది? కోయ వచ్చిన ఏఎన్ఎమ్మునో టీచరునో అడుగు. వాళ్లు ఆ పిల్లకు చుట్టాలు కాకుండా చూసుకో. నువ్వూ కోయ నేర్చుకో. ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు వేశారు, పాతవి ఎక్కడైనా దొరికితే తెచ్చుకో.

ఇంకా ముఖ్యమైనది, నీ ప్రశ్నలు. మీ చర్ల దాటితే ఛత్తీస్‌గఢే కదా. 2005లో అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఆ గొడవలకు తాళలేక చాలా గుత్తికోయ కుటుంబాలు అడవి దాటి మనవైపు వచ్చాయి. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. పోడు కొట్టుకున్నచోట ఫారెస్టువాళ్లు ఎప్పుడు వస్తారోనన్న భయం. అలాంటి ఇంటి పిల్లను "మీ ఊరేది? మీ నాన్న ఏం చేస్తాడు?" అంటే నువ్వు పలకరించాననుకుంటావు, ఆమెకు ఠాణాలో నిలబడ్డట్టుంటుంది. చేతిలో పెన్నూ కాగితం ఉంటే మరీను. సెలవులయ్యాక ఆలస్యంగా ఎందుకొచ్చావని క్లాసులో అందరి ముందు నిలదీయడమూ అంతే. తునికాకు కోతకు వెళ్లిందేమో, తమ్ముడికి జ్వరమేమో. "ఎందుకు" మానేసి, బడి తోటలో మొక్కలకు నీళ్లు పోస్తూ "ఈసారి ఆకు బాగా దొరికిందా?" అని అడుగు. తర్వాత నోరు మూసుకుని ఉండు. నీకిది కష్టమే, చిన్నప్పటి నుంచీ నీ నోరు నాకు తెలుసు! పిల్ల ఆగినచోట నీ మాట దూర్చకు.

ఆమె చెప్పింది గదికి వెళ్లాక ఆమె మాటల్లోనే రాసి, తేదీ, వేళ వేసుకో. నీ ఊహలు అందులో కలపకు. అది క్లాసు రిజిస్టర్లో పెట్టకు. హెచ్చెం గారి చేతికే ఇవ్వు. ఆయన తాత్సారం చేస్తే పోలీసులకో 1098కో నువ్వే ఫోన్ చెయ్యి, నన్ను అడగడానికి ఆగకు.

మీ మాస్టారు