చలి లేని ఊళ్ళో మంచు ఆట

1928 ఏప్రిల్ 7వ తేదీ. కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఐస్ హాకీ పోటీ జోరుగా సాగుతోంది. ఒక వైపు న్యూయార్క్ రేంజర్స్, రెండో వైపు మాంట్రియల్ మరూన్స్. ఇరు పక్షాలకూ ఇంకా ఒక్క గోలూ రాలేదు. ఇంతలో మరూన్స్ ఆటగాడు కొట్టిన పక్ రివ్వున వచ్చి రేంజర్స్ గోల్ కీపర్ కంటికి తగిలింది. అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు.

పక్ అంటే ఏమిటని అడుగుతారేమో. మన హాకీలో బంతి ఉన్నట్టు ఐస్ హాకీలో గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని వ్యాసం 7.6 సెంటీమీటర్లు, మందం 2.5 సెంటీమీటర్లు. బరువు 170 గ్రాములకు మించదు. కానీ వేగంగా వచ్చిందంటే రాయిదెబ్బే!

ఆ రోజుల్లో జట్టుకు రెండో గోల్ కీపర్ ఉండేవాడు కాదు. ప్రేక్షకుల్లో కూర్చున్న మరో జట్టు గోల్ కీపర్‌ను దింపుతామంటే మరూన్స్ ఒప్పుకోలేదు. అప్పుడు రేంజర్స్ మేనేజరు తానే కాళ్ళకు మెత్తలు కట్టుకుని గోలు ముందు నిలబడ్డాడు. ఆయన వయస్సు 44 ఏళ్ళు. ఒక్క గోలు మాత్రమే పోనిచ్చాడు. అదనపు సమయంలో రేంజర్స్ 2-1తో గెలిచారు. ఆ ఏడు స్టాన్లీ కప్పు కూడా వాళ్ళదే అయింది.

ఆయన పేరు లెస్టర్ పాట్రిక్. అమెరికాలో ఐస్ హాకీకి విశేష సేవ చేసినవారి కోసం 1966లో న్యూయార్క్ రేంజర్స్ సంస్థ ఒక బహుమతిని నెలకొల్పి, దానికి లెస్టర్ పాట్రిక్ ట్రోఫీ అని పేరు పెట్టింది. ఎక్కువ గోళ్ళు కొట్టినవారికి ఇచ్చే బహుమతి కాదిది. ఆటగాడికే ఇవ్వాలని కూడా లేదు. శిక్షకులకు, రిఫరీలకు, నిర్వాహకులకు, ఒక్కోసారి మొత్తం జట్టుకు కూడా ఇచ్చారు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పాట్రిక్ 1883లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో పుట్టినవాడు. అమెరికాలో సేవకు ఇచ్చే బహుమతికి కెనడా మనిషి పేరెందుకు? ఒక్కరోజు గోలు కాసినందుకా? కాదు. జవాబు కావాలంటే మనం 1911కు వెళ్ళాలి. కొంచెం భౌతికశాస్త్రం కూడా చదవాలి.

కెనడా తూర్పు భాగంలో శీతాకాలం వస్తే చెరువులు వాటంతటవే గడ్డకడతాయి. అక్కడ హాకీ ఆడటానికి ప్రకృతే మైదానం వేసి ఇస్తుంది. కానీ పడమటి తీరంలో ఉన్న వాంకూవర్, విక్టోరియా నగరాలు అలాంటివి కావు. పసిఫిక్ మహాసముద్రపు గాలి వల్ల అక్కడ జనవరిలో కూడా సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల పైనే ఉంటుంది. చెరువు మీద నమ్మకం పెట్టుకుంటే ఆట సాగదు.

లెస్టర్ తండ్రి జోసెఫ్ పాట్రిక్ కలప వ్యాపారి. 1911లో ఆయన తన వ్యాపారం అమ్మేశాడు. ఆ డబ్బును కొడుకులు లెస్టర్, ఫ్రాంక్ ఎందులో పెట్టించారో తెలుసా? మంచులో! వాంకూవర్‌లో ఒకటి, విక్టోరియాలో ఒకటి, యంత్రాలతో మంచును తయారుచేసే రెండు రింకులు కట్టించారు. రింకు అంటే మంచు మైదానం. కెనడాలో కృత్రిమ మంచు రింకులు అవే మొదటివి. చలి లేని ఊళ్ళో చలి ఆట పెట్టి, చూడటానికి జనం వస్తారని ఇంటి ఆస్తంతా ఒడ్డడం సామాన్యమైన సాహసం కాదు.

వాళ్ళు వాడిన ఉపాయం మీరు చూడనిదేమీ కాదు. మీ ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఉంటే ఓసారి వెళ్ళి చూడండి. చేపల రేవులున్న కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్ల తప్పకుండా ఉంటుంది. పెద్ద తొట్టిలో ఉప్పునీరు ఉంటుంది. మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలను అందులో ముంచుతారు. డబ్బాల్లోని నీరు గడ్డకడుతుంది, చుట్టూ ఉన్న ఉప్పునీరు మాత్రం కట్టదు. ఉప్పు కలిస్తే నీటి ఘనీభవన స్థానం సున్నా కంటే దిగిపోతుంది కనుక. కుల్ఫీ అమ్మేవాడు ఐసు ముక్కల్లో ఉప్పు చల్లేదీ ఈ సూత్రం మీదే.

మరి ఉప్పునీరు చల్లబడేదెలా? చేతి మీద స్పిరిట్ వేసుకుంటే చల్లగా ఉంటుంది కదా! ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని చేతి నుంచి లాక్కుంటుంది. ఐసు యంత్రంలో ఈ పని అమోనియా చేస్తుంది. మామూలు వాతావరణ పీడనంలో అది సున్నాకు 33 డిగ్రీలు కింద మరుగుతుంది. మరుగుతూ ఉప్పునీటిలోని వేడిని పీల్చుకుంటుంది. తర్వాత యంత్రం ఆ వాయువును నొక్కి, పీల్చిన వేడిని బయటకు వదిలించి, మళ్ళీ ద్రవంగా మారుస్తుంది. ఇది నిరంతరం సాగుతుంది.

ఐసు ఫ్యాక్టరీలో నీటి డబ్బాను ఉప్పునీటిలో ముంచితే, రింకులో ఆ ఉప్పునీటినే నేలకింద గొట్టాల్లో పారిస్తారు. పైన నీళ్ళు పలుచగా చల్లుతూ పొర మీద పొర గడ్డకట్టిస్తారు.

ఇందులో ఎంత వేడి తీయాలో లెక్క కట్టండి. ఈనాటి పెద్ద రింకు పొడవు 61 మీటర్లు, వెడల్పు 26 మీటర్లు. మంచు మందం 2.5 సెంటీమీటర్లు అనుకుందాం. మూలలు గుండ్రంగా ఉంటాయి కానీ ప్రస్తుతానికి ఆ సంగతి మరిచిపోండి. ఘనపరిమాణం సుమారు 40 ఘనపు మీటర్లు వస్తుంది. మంచు సాంద్రత 0.92 కనుక బరువు దాదాపు 36 టన్నులు. ఒక గ్రాము నీరు సున్నా డిగ్రీల వద్ద మంచుగా మారేటప్పుడు 80 కాలరీల గుప్తోష్ణం వదులుతుంది. గుణించి చూస్తే 290 కోట్ల కాలరీలకు కాస్త తక్కువ! 36 టన్నుల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి ఎంత వేడి పెట్టాలో, అంత వేడిని ఇక్కడ తోడి పారేయాలన్నమాట. కట్టిన మంచు కరగకుండా ఆ తర్వాత కూడా యంత్రం ఆడుతూనే ఉండాలి.

1912 జనవరిలో ఆ రింకుల మీద పాట్రిక్ సోదరుల లీగు పోటీలు మొదలయ్యాయి. ఆట నియమాలను కూడా వాళ్ళు మార్చారు. మైదానాన్ని మూడు భాగాలు చేసే నీలి గీతలు వాళ్ళవే. యంత్రపు మంచు ఉంటే చాలు, ఇక సరిహద్దు అడ్డమా? 1914లో అమెరికాలోని పోర్ట్‌లండ్, మరుసటి ఏడు సియాటిల్ ఆ లీగులో చేరాయి. 1917లో సియాటిల్ జట్టు స్టాన్లీ కప్పు గెలిచింది. అమెరికా జట్టుకు ఆ కప్పు దక్కడం అదే మొదలు. 1926లో పడమటి లీగు మూతబడినప్పుడు దాని ఆటగాళ్ళు ఎందరో అమెరికాలోని కొత్త జట్లకు వెళ్ళారు. లెస్టర్ కూడా అదే ఏడు రేంజర్స్ మేనేజరుగా న్యూయార్క్ చేరాడు. ఆ రెండు మంచు భవనాలూ మాత్రం నిలవలేదు. విక్టోరియాది 1929లో, వాంకూవర్‌ది 1936లో నిప్పంటుకుని కాలిపోయాయి. మంచు ఇంటికి అగ్ని ప్రమాదం!

ఇప్పుడు బహుమతి అందుకున్నవారిలో కొందరిని చూడండి. 1966లో మొదటిసారి అందుకున్న జాక్ ఆడమ్స్ కూడా కెనడావాడే. డెట్రాయిట్ జట్టును ఏళ్ళ తరబడి నడిపాడు. 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును 4-3తో ఓడించి స్వర్ణం తెచ్చిన అమెరికా కుర్రాళ్ళ జట్టుకు ఆ ఏడే ఇచ్చారు. 2003లో అందుకున్నవారిలో విల్లీ ఓ'రీ ఒకరు. నేషనల్ హాకీ లీగులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. 1958లో అందులో అడుగుపెట్టేనాటికే ఆయనకు కుడి కన్ను దాదాపు కనపడదు. ఆ సంగతి దాచిపెట్టి ఆడాడు.

నాకు వీళ్ళందరికంటే నచ్చినవాడు 1981లో అందుకున్న ఛార్లెస్ షుల్జ్. ఆయన బొమ్మలు వేసే మనిషి. 'పీనట్స్' అనే పత్రికా బొమ్మల కథలో స్నూపీ కుక్కను సృష్టించింది ఆయనే. కాలిఫోర్నియాలో, మంచు ఎరగని శాంటా రోజా ఊళ్ళో, 1969లో ఆయన ఒక రింకు కట్టించాడు. 1975 నుంచి అక్కడ పెద్దవయస్సు వాళ్ళకు హాకీ పోటీలు పెట్టించాడు. తానూ ఆడేవాడు.

షుల్జ్ బొమ్మల్లో తరచుగా కనిపించే యంత్రం ఒకటుంది. దాన్ని చేసిన ఫ్రాంక్ జాంబోనీ అచ్చంగా ఐసు ఫ్యాక్టరీ మనిషి. కాలిఫోర్నియాలో ఐసు దిమ్మలు చేసి అమ్మేవాడు. ఇళ్ళలోకి రిఫ్రిజిరేటర్లు రాగానే బేరాలు పడిపోయాయి. చేతిలో ఉన్న విద్యతో 1940లో రింకు తెరిచాడు. కానీ స్కేట్లతో గీరుకుపోయిన మంచును చదును చేయడానికి ముగ్గురు నలుగురు మనుషులకు గంట పైనే పట్టేది. 1949లో ఆయన తయారుచేసిన బండి మంచు పైపొరను చెక్కి, తుక్కు ఎత్తి, కడిగి, కొత్తగా నీళ్ళు పరుస్తుంది. పది పదిహేను నిమిషాల పని. ఇప్పటి బండ్లు పరిచేవి వేడినీళ్ళు! వేడినీళ్ళు పాత మంచు పైపొరను కాస్త కరిగించి దానితో అతుక్కుంటాయి. వాటిలో గాలి తక్కువ కనుక మంచు గట్టిగా, తేటగా కడుతుంది.

షుల్జ్ బొమ్మల్లో ఆ బండి పెద్ద రింకు మీదే తిరగదు. పక్షులు స్నానం చేసే నీళ్ళ పళ్ళెం గడ్డకడితే, వుడ్‌స్టాక్ అనే బుల్లి పిట్ట ఓ బుల్లి జాంబోనీ ఎక్కి దాన్ని నున్నగా చదును చేస్తూ కనిపిస్తుంది.