మృచ్ఛకటికంలో మైత్రేయుని హాస్యం - నటధర్మ పరిశీలన

నాట్యశాస్త్రం ఆఱవ అధ్యాయంలో భరతముని హాస్యరసానికి హాసం స్థాయిభావమని చెప్పి, వికృతవేషం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, వ్యంగదర్శనం మొదలైన వానిని విభావాలుగా పేర్కొన్నాడు. స్మితం మొదలు అతిహసితం వరకు గల ఆఱు భేదాలను ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు రెండేసి చొప్పున విభజించినాడు. ఇవన్నీ నవ్వేవాని లక్షణాలే గాని నవ్వించేవానివి కావు. స్వయంగా నవ్వినపుడు ఆత్మస్థమనీ, పరుని నవ్వించినపుడు పరస్థమనీ భరతుడే వేఱు చేసినాడు. ఈ పరస్థహాస్యాన్ని సాధించే నటుడు ఏమి చేయవలె? శూద్రకుని మృచ్ఛకటికంలోని రెండు ఘట్టాలను పోల్చి చూచినచో సమాధానం దొరకుతుంది.

మొదటిది తృతీయాంకంలోనిది. వసంతసేన దాచుకొనుమని ఇచ్చిన నగల పెట్టెను రాత్రివేళ కాపాడే భారం విదూషకుడైన మైత్రేయునిది. శర్విలకుడు కన్నం వేసి లోపలికి వస్తాడు. మైత్రేయుడు నిద్రమత్తులో అతనిని చారుదత్తుడే అనుకొని, గోబ్రాహ్మణుల మీద ఒట్టు పెట్టి మఱీ పెట్టెను చేతికి అందిస్తాడు. దొంగ చేయి చల్లగా ఉన్నదని గుర్తించి కూడ దొంగను గుర్తింపడు. నిద్ర, స్వప్నం అనేవి హాస్యానికి వ్యభిచారిభావాలని భరతుడు చెప్పినదానికి ఇది చక్కని లక్ష్యం.

రెండవది నవమాంకంలోనిది. నగల కొఱకు చారుదత్తుడు వసంతసేనను చంపినాడని శకారుడు న్యాయాధికరణంలో ఆరోపిస్తాడు. ఆమెకు తిరిగి ఇచ్చుటకు నగలను వెంట తీసికొని పోతున్న మైత్రేయుడు ఆ వార్త విని అక్కడికి వస్తాడు. కోపం పట్టలేక శకారునితో కలియబడగా, చంకలోని నగలు సభామధ్యంలో రాలిపడతాయి. మిత్రునికి అవే నేరసాక్ష్యమౌతాయి.

రెండు చోట్లను వసంతసేన నగలే, మైత్రేయుని అజాగ్రత్తయే, చారుదత్తునికి కీడే. అయినను మొదటి చోట సభ నవ్వుతుంది, రెండవ చోట నిట్టూరుస్తుంది. హాస్యవిభావత్వానికి అనౌచిత్యప్రవృత్తియే మూలమని అభినవగుప్తుడు వివరించినాడు. రెండు ఘట్టాలలోను అనౌచిత్యమున్నది గనుక, అది ఒక్కటే నవ్వుకు చాలదని తేలుతున్నది. దాని ఫలం ప్రేక్షకుని కంట పడనంత వఱకే హాస్యం నిలుస్తుంది. తృతీయాంకంలోనే, దరిద్రుని మాటను లోకం నమ్మదని చారుదత్తుడు కుందిన క్షణాన నవ్వు ఆగిపోవుట ఇందుకు నిదర్శనం. నవమాంకంలోనైతే తప్పునకు, ఫలానికి నడుమ వ్యవధియే లేదు.

దీనినిబట్టి నటధర్మం స్పష్టమౌతున్నది. మైత్రేయుడు తాను నవ్వు పుట్టిస్తున్నానని ఎఱుగడు. నగలను భద్రంగా మిత్రునికి అప్పగించినాననే అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని నటుడు చెదరనీయరాదు. ప్రేక్షకుల వైపు చూచి తానే ముందుగా నవ్వినచో, నిద్ర నిద్ర కాక నటనయని తెలిసిపోతుంది. హాస్యం చెడుతుంది.

నష్టం అంతటితో ఆగదు. తృతీయాంకంలో కోణంగివలె ఆడిన నటుడు నవమాంకంలో నగలు జారవిడిచినపుడు కూడ సభ అలవాటుగా నవ్వుతుంది. కరుణకు అక్కడ చోటుండదు. రెండు చోట్లను ఒకే శ్రద్ధతో, ఒకే స్నేహంతో ప్రవర్తించిన మైత్రేయుడే మొదట నవ్వించి, పిమ్మట కంట తడి పెట్టించగలడు. విదూషకపాత్రను కేవలం వినోదానికి చేర్చిన అంగంగా భావించి ప్రయోగంలో చులకన చేయుట నాటకానికే హాని. అతని తొట్రుపాటు మీదనే చారుదత్తుని ప్రాణం ఆధారపడి ఉన్నది.