గడీలో ఎవరెవరుండేవారు: పాత కాగితాల్లో వెతకడం ఎలా?

విక్టోరియా కాలపు స్కాట్లాండులో ఒక పల్లె ఎస్టేటు బంగళాలో ఎవరుండేవారో తెలియాలంటే 1851 జనాభా లెక్కలు చూస్తే చాలు. దొరతో పాటు వంటమనిషి, పాలు పితికే అమ్మాయి, వేట భూముల కాపలాదారు, అందరి పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్లు రాసి ఉంటాయి.

మన తెలంగాణ దొరల కోటలాంటి ఇళ్లకు, అంటే గడీలకు, ఆ దారి లేదు. నిజాం రాజ్యంలో 1881 నుంచి పదేళ్లకోసారి జనాన్ని లెక్కపెట్టారు గానీ, అచ్చయినవి మొత్తాలే. పేర్లున్న కాగితాలు భద్రపరచలేదు. 1948 సెన్సస్ చట్టం వచ్చాక అలాంటివి ఎవరికీ చూపించరు కూడా. కాబట్టి భూమి కాగితాలతో మొదలుపెట్టండి.

మొదటి పని, ఊరి పాత చిరునామా. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో స్థిరపడ్డ కుటుంబాల్లో చాలావాటికి నల్గొండ వైపు ఊళ్లున్నాయి. విసునూరు గడీ ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, కానీ దొరల కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలనైతే అత్రాఫ్-ఎ-బల్దా అనే పాత జిల్లా పేరుతో వెతకాలి.

రెండోది, 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు. సర్టిఫైడ్ నకలు కోసం మీరుండే మండలంలో కాదు, ఊరున్న మండలం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. చాలామంది పట్టాదారు కాలమ్‌లో దొర పేరు చూసి సంబరపడి ఆగిపోతారు. దొర పేరు దొరకడం తేలికే. పక్కన కబ్జాలో ఎవరున్నారో చూడండి, అసలు మనుషులు అక్కడ కనిపిస్తారు. 1950 కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదారుల రిజిస్టరు కూడా అడగండి. పాలకుర్తి చాకలి ఐలమ్మ పోరు కూడా కౌలు భూమి మీదేనని గుర్తుంచుకోండి. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి, ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది.

మూడోది, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. ఎల్బీనగర్ నుంచి నాగోలు వెళ్లి మెట్రో ఎక్కితే సరి. అక్కడ చాలా దస్త్రాలు ఉర్దూ, పార్సీల్లో ఉంటాయి కనుక చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లండి.

ఇంత చేసినా నీళ్లు తోడినవాళ్లు, వడ్లు దంచినవాళ్లు, పెళ్లికూతురి వెంట పంపిన ఆడబాపలు ఈ కాగితాల్లో దొరకడం కష్టం. ఊరికి పోయి పెద్దవాళ్లనే అడగాలి. “మీవాళ్లు వెట్టి చేశారా?” అని మాత్రం మొదలెట్టకండి, నోరు విప్పరు. “పొద్దున్నే గడీల నీళ్లు ఎవరు పోసేటోళ్లు అవ్వా? బట్టలెవరు ఉతికేటోళ్లు? దొరసాని పురుళ్లెవరు పోసిండ్రు?” అని పనిని బట్టి అడగండి, పేర్లు వాటంతటవే వస్తాయి.

విన్నవన్నీ ఒక పట్టికలో రాయండి: పేరు, పని, సుమారు వయసు, ఎక్కణ్నుంచి వచ్చారు, జీతం డబ్బా గింజలా, ఎవరు చెప్పారు. చివరి గడి ఖాళీగా ఉంచితే రేపు మీకే ఏది నమ్మాలో తెలియదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

దొరల వారసుల దగ్గర పాత జమాఖర్చు చిట్టాలుంటే చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. జీతగాడికి ఎన్ని కుంచాల జొన్నలు కొలిచారో రాసుకున్న ఇళ్లలో అతని పేరూ ఉంటుంది.