పెరటిలో గొడుగు తుంగ పెంపకము

తుంగ అనగానే రైతుకు గుర్తుకు వచ్చునది పొలములోని కలుపు. ఎంత పీకినను భూమిలో మిగిలిన గడ్డ నుండి మరల మొలచును. అయినను తుంగ జాతులన్నియు చెడ్డవి కావు. చాపలల్లుటకు పనికివచ్చునది ఒక తుంగ; పూర్వము ఈజిప్టువారు కాగితము చేసినది మరొక తుంగ కాడలతో. పెరటికి అందము నిచ్చు గొడుగు తుంగ కూడ ఈ కుటుంబములోనిదే.

దీని స్వస్థలము ఆఫ్రికా, మడగాస్కర్ ప్రాంతము. 3 నుండి 5 అడుగుల ఎత్తు పెరుగును. ప్రతి కాడ కొసన ఆకులు గొడుగు ఊచలవలె విచ్చుకొనును. ఎండలోను, కొద్దిపాటి నీడలోను పెరుగును. దీనికి ముఖ్యముగా కావలసినది ఎడతెగని తేమ. కనుక స్నానాల గది నీరు పారి, ఎప్పుడును తడిగా నుండు చోటు దీనికి అనుకూలము.

నాటు విధానము

తొలకరిలో పాత దుబ్బును త్రవ్వి, 3, 4 కాడలు వేళ్ళతో వచ్చునట్లు చీల్చి నాటవలెను. అడుగు వెడల్పుగల కుండీలో రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను.

దుబ్బు దొరకనిచో, కొసనున్న గొడుగును 2 అంగుళముల కాడతో కోసి, ఆకులను సగమునకు కత్తిరించి, నీటిలో తలక్రిందుగా ఉంచవలెను. కొద్ది వారములలో ఆకుల మొదట వేళ్ళు, పిలకలు పుట్టును. అప్పుడు మట్టిలో నాటవచ్చును.

పోషణ

వేసవిలో కుండీ ఒక్కరోజైనను ఎండరాదు. పండిన కాడలను మొదటికంటా కోసివేసినచో కొత్త కాడలు వచ్చును. 2, 3 సంవత్సరములకొకసారి దుబ్బును విడదీయవలెను.

జాగ్రత్తలు

1. పొలము మట్టిని కుండీలకు వాడునపుడు తుంగగడ్డలు లేకుండ ఏరివేయవలెను.

2. నిలువనీటిలో దోమగ్రుడ్డు సుమారు 7 నుండి 10 రోజులలో దోమగా మారును. తొట్టిలో నీరు పైకి కనబడకుండ మట్టి, గులకరాళ్ళు నింపవలెను. కుండీ క్రింది పళ్ళెమును వారమునకొకసారి కుమ్మరించి, తోమి ఆరబెట్టవలెను.

3. దీనిని కాలువగట్లపై, చెరువు అంచున నాటరాదు. తడినేలలో విత్తనము వలనను, దుబ్బు వలనను వ్యాపించును. పూగుత్తులను గింజ పట్టకముందే కోయవలెను. తీసివేసిన దుబ్బులను కాలువలో వేయక, బాగా ఎండబెట్టి ఎరువు గోతిలో వేయవలెను.

గ్రామోద్యోగులు పాఠశాలలో, పంచాయతీ ఆవరణలో ఈ మొక్కను పెట్టించునపుడు ఈ మూడవ జాగ్రత్తను మరువరాదు. కుండీలో నున్నంతవరకు ఇది అలంకారము. కాలువకు చేరెనా, అదియు మరొక కలుపే.