ట్రాక్టరు ఛార్జింగ్ వ్యవస్థలో లోపాలు - కొలతల ఆధారంగా గుర్తించే క్రమం

దమ్ము కాలంలో ఉదయాన్నే ట్రాక్టరు సెల్ఫ్ తిరగకపోతే ఆ రోజు పనితో పాటు కాలువ నీటి వంతు కూడా చేజారవచ్చు. ఇటువంటి సందర్భాల్లో సాధారణంగా మొదట బ్యాటరీని మారుస్తారు. కొత్త బ్యాటరీ పూర్తి ఛార్జితో వస్తుంది కాబట్టి ఛార్జింగ్ ఏ మాత్రం జరగకపోయినా కొన్ని రోజులు ఇంజన్ స్టార్ట్ అవుతూనే ఉంటుంది. ఆ తరువాత పాత సమస్య తిరిగి కనిపిస్తుంది. ఈలోగా తక్కువ ఛార్జిలో ఎక్కువ కాలం ఉన్నందువల్ల ప్లేట్లపై సల్ఫేటు గట్టిపడి కొత్త బ్యాటరీ కూడా దెబ్బతింటుంది. బ్యాటరీ దిగిపోవడం ఒక లక్షణం మాత్రమే. దాని కారణం బ్యాటరీలో, ఆల్టర్నేటరులో, వైర్లలో లేదా వాడకంలో ఎక్కడైనా ఉండవచ్చు. ఒక సాధారణ మల్టీమీటరుతో వరుసగా కొలిస్తే ఏ భాగాన్నీ కొనకముందే ఆ కారణాన్ని చాలావరకు నిర్ధారించవచ్చు.

వ్యవస్థ పనితీరు

ఇంజన్ తిరిగినప్పుడు ఫ్యాన్ బెల్టు ద్వారా ఆల్టర్నేటరు తిరుగుతుంది. గ్రామాల్లో దీనిని ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. లోపలి రోటారు చుట్టకు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి కరెంటు అంది అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది తిరుగుతున్నప్పుడు స్టేటారులో మూడు ఫేజుల ఎ.సి. పుడుతుంది. డయోడ్లు దానిని డి.సి.గా మారుస్తాయి. రెగ్యులేటరు రోటారుకు వెళ్లే కరెంటును పెంచుతూ, తగ్గిస్తూ వోల్టేజీని సుమారు 13.8 నుండి 14.5 వోల్టుల మధ్య నిలుపుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఖర్చయ్యే ఛార్జి తక్కువ. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్ల చొప్పున 10 సెకన్లు తీసుకున్నా మొత్తం 0.6 ఆంపియర్-గంటలకు మించదు. ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థ దీనిని కొద్ది నిమిషాల్లోనే పూడ్చగలదు. కాబట్టి రోజూ కొన్ని గంటలు తిరిగే ట్రాక్టరులో బ్యాటరీ తరచుగా దిగిపోతుంటే దానికి వేరే కారణాన్ని వెతకాలి.

పరీక్షకు ముందు

ట్రాక్టరును న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయాలి. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో నిప్పు, బీడీ, సిగరెట్టు ఉండరాదు. తీగలు విప్పేటప్పుడు మొదట నెగటివ్‌ను, బిగించేటప్పుడు చివరగా నెగటివ్‌ను పట్టించుకోవాలి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్‌ను తీసి ఛార్జింగ్ ఉందో లేదో చూసే అలవాటు కొందరిలో ఉంది. డైనమోల కాలం నాటి ఈ పద్ధతి ఆల్టర్నేటరుకు ప్రమాదకరం. ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ వల్ల డయోడ్లు, రెగ్యులేటరు కాలిపోవచ్చు.

ముందుగా కంటితో చూడవలసినవి మూడు. బెల్టు వదులుగా ఉన్నదా, నూనె పట్టి జారుతున్నదా చూడాలి. బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లని లేదా నీలి రంగు పొక్కు ఉంటే తినే సోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత బిగించి, పెట్రోలియం జెల్లీ పూయాలి. సెల్సులో ద్రావణం ప్లేట్లపైకి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.

మొదటి మెట్టు: బ్యాటరీ స్థితి

రాత్రంతా నిలిపి ఉంచిన ట్రాక్టరులో, స్విచ్ తిప్పక ముందే బ్యాటరీ వోల్టేజీని కొలవాలి. 12.6 వోల్టులు ఉంటే పూర్తి ఛార్జి, 12.2 ఉంటే సుమారు సగం, 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అని గ్రహించాలి. ఛార్జి చేసిన తరువాత కూడా 10.5 దగ్గరే ఆగితే ఆరు సెల్సులో ఒకటి పాడయినట్లు అనుమానించాలి. అటువంటి సెల్‌ను హైడ్రోమీటరుతో సులభంగా పట్టుకోవచ్చు. మిగిలిన ఐదు సెల్సులో కంటే దాని విశిష్ట సాంద్రత చాలా తక్కువగా ఉంటుంది.

తరువాత ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకొని సెల్ఫ్‌ను కొద్ది సెకన్లు తిప్పుతూ వోల్టేజీని గమనించాలి. పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీ అయినప్పటికీ 9.6 వోల్టుల కంటే దిగువకు పడిపోతే దాని సామర్థ్యం తగ్గినట్లు లేదా సెల్ఫ్ మోటారు అధిక కరెంటు తీసుకుంటున్నట్లు భావించాలి. ఖాళీ బ్యాటరీతో ఈ పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. మొదట బయటి ఛార్జరుతో నింపి, ఆ తరువాతే పరీక్షించాలి.

రెండవ మెట్టు: ఛార్జింగ్ వోల్టేజీ

ఇంజన్‌ను మధ్యస్థ వేగంలో నడుపుతూ బ్యాటరీ టెర్మినళ్ల వద్ద కొలవాలి. మొదట లైట్లు ఆర్పి, తరువాత అన్ని లైట్లు వేసి రెండు రీడింగులు రాసుకోవాలి.

- రెండు సందర్భాల్లోనూ 13.8-14.5 వోల్టులు ఉంటే ఛార్జింగ్ సక్రమంగా ఉంది.
- ఇంజన్ తిరుగుతున్నా వోల్టేజీ పెరగకపోతే ఆల్టర్నేటరు కరెంటు ఇవ్వడం లేదు, లేదా ఇచ్చినది బ్యాటరీకి చేరడం లేదు.
- లైట్లు వేయగానే 13 కంటే తగ్గితే బెల్టు జారడం, డయోడ్ పాడవడం లేదా వైర్లలో నష్టం కారణం కావచ్చు.
- 15 దాటితే రెగ్యులేటరు లోపం లేదా దాని ఎర్త్ లోపం. బ్యాటరీలో నీరు త్వరగా తరగడం, బల్బులు తరచూ మాడిపోవడం దీని బయటి గుర్తులు.

డ్యాష్‌బోర్డుపై ఉండే ఛార్జింగ్ దీపం కూడా విలువైన సమాచారం ఇస్తుంది. తాళం తిప్పినప్పుడు అది వెలగాలి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. చాలా ట్రాక్టర్లలో రోటారుకు తొలి కరెంటు ఈ దీపం గుండానే వెళుతుంది. అందువల్ల తాళం తిప్పినా దీపం వెలగకపోతే బల్బు, దాని వైరు, బ్రష్‌లను ముందుగా చూడాలి. చిన్న బల్బు మాడిపోవడం వల్ల ఛార్జింగ్ మొదలు కాని సందర్భంలో ఆల్టర్నేటరును మార్చడం వృథా ఖర్చు.

మూడవ మెట్టు: వైర్లలో వోల్టేజీ నష్టం

ఎక్కువగా విస్మరించే పరీక్ష ఇదే. ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొనను ఆల్టర్నేటరు అవుట్‌పుట్ బోల్టుకు, రెండవ కొనను బ్యాటరీ పాజిటివ్‌కు ఆనించాలి. రీడింగు 0.3 వోల్టులకు మించరాదు. అదే విధంగా ఆల్టర్నేటరు బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య 0.2 వోల్టులకు మించరాదు.

ఒక వదులైన లగ్గు వద్ద 0.05 ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 30 ఆంపియర్లు ప్రవహించినప్పుడు 1.5 వోల్టుల నష్టం కలుగుతుంది. ఆల్టర్నేటరు వద్ద 14.3 ఉన్నా బ్యాటరీకి 12.8 మాత్రమే చేరుతుంది. ఇంత తక్కువ నిరోధాన్ని సాధారణ మల్టీమీటరు ఓమ్ స్కేలుపై నమ్మకంగా చూపలేదు. కాబట్టి కరెంటు ప్రవహిస్తున్నప్పుడే పరీక్షించాలి. బురద నీటిలో పనిచేసిన ట్రాక్టర్లలో ఎర్త్ పట్టీ, ఛాసిస్‌కు బిగించిన చోటు తుప్పు పట్టడం వల్ల ఈ లోపానికి అవకాశం ఎక్కువ.

నాల్గవ మెట్టు: నిలిపి ఉన్నప్పుడు కారే కరెంటు

ఛార్జింగ్ సక్రమంగా ఉండి, రెండు మూడు రోజులు నిలిపితేనే బ్యాటరీ దిగిపోతుంటే, తాళం తీసివేసి, నెగటివ్ తీగను విప్పి, దానికి, టెర్మినల్‌కు మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్కేలుపై కలపాలి. ఈ స్థితిలో సెల్ఫ్ తిప్పరాదు. రీడింగు 0.05 ఆంపియరు కంటే ఎక్కువ ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ చూడాలి. ఆల్టర్నేటరు నుండి వచ్చే లావు వైరు విప్పగానే రీడింగు పడిపోతే డయోడ్ లీకవుతున్నట్లు నిర్ధారణ అవుతుంది. విప్పిన ఆ వైరు కొన బాడీకి తగలకుండా చూడాలి.

లోపం లేకున్నా ఛార్జి చాలని సందర్భం

రాత్రి దమ్ముకు రైతులు అదనపు లైట్లు బిగించుకుంటారు. ఉదాహరణకు కంపెనీ లైట్లు 195 వాట్లు, అదనంగా 55 వాట్ల లైట్లు నాలుగు అనుకుంటే మొత్తం 415 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద సుమారు 35 ఆంపియర్లు అవసరం. ఆల్టర్నేటరుపై ముద్రించిన సామర్థ్యం అధిక వేగంలో మాత్రమే లభిస్తుంది. ఇంజన్ వేగం తగ్గించి పని చేసేటప్పుడు 25 ఆంపియర్లే వస్తే, గంటకు 10 ఆంపియర్-గంటల చొప్పున నాలుగు గంటల్లో 80 ఆంపియర్-గంటల బ్యాటరీ సగం ఖాళీ అవుతుంది. ఇక్కడ ఏ భాగమూ పాడవలేదు. తక్కువ వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు ఇందుకు తగిన పరిష్కారం.

శాశ్వత అయస్కాంత ఆల్టర్నేటర్లు

కొన్ని మినీ ట్రాక్టర్లలో, పొలం పనులకు వాడే చిన్న యుటిలిటీ వాహనాల్లో రోటారు చుట్టకు బదులు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. రెగ్యులేటరు-రెక్టిఫయరు విడిగా బిగించి ఉంటుంది. మూడు తీగల స్టేటారు అయితే కనెక్టరు విప్పి, ఇంజన్ నడుపుతూ ప్రతి రెండు తీగల మధ్య ఎ.సి. వోల్టేజీ కొలవాలి. మూడు రీడింగులూ దాదాపు సమానంగా ఉండి, వేగంతో పాటు పెరగాలి. ఇంజన్ ఆపిన తరువాత ఏ తీగకూ బాడీతో సంబంధం ఉండరాదు. ఇవి సరిగా ఉండి డి.సి. రాకపోతే, వైర్లను సరిచూసుకున్న తరువాత రెగ్యులేటరునే అనుమానించాలి. మిగులు శక్తిని వేడిగా మార్చే రకం రెగ్యులేటరు రెక్కలపై బురద గట్టిపడితే అది త్వరగా కాలిపోతుంది. కాబట్టి కొత్తది బిగించే ముందు గాలి తగిలే ఏర్పాటు చూడాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

యంత్ర శిక్షణ కార్యక్రమాల్లో ఈ నాలుగు మెట్లను రైతుల చేతనే మల్టీమీటరు పట్టించి చేయించడం ప్రయోజనకరం. నిలిపి ఉన్నప్పటి వోల్టేజీ, సెల్ఫ్ తిరిగేటప్పటి వోల్టేజీ, ఛార్జింగ్ వోల్టేజీ అనే మూడు రీడింగులను సీజనుకు ముందు ఒకసారి లాగ్ పుస్తకంలో రాసుకునేలా ప్రోత్సహించాలి. ట్రాక్టరుపై లేదా తగిలించిన పనిముట్టుపై వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు కనెక్షన్లను తప్పక విప్పించాలి. ఇక్కడి అంకెలు 12 వోల్టుల వ్యవస్థకు సాధారణంగా వర్తించేవి. తయారీదారు పుస్తకంలో వేరే విలువ ఇచ్చి ఉంటే దానినే ప్రమాణంగా తీసుకోవాలి.