గృహ నిర్మాణము – దంపతుల సమాలోచన

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దల సామెత. ఈ రెండు కార్యములయందును వ్యయము ముందుగా తెలియదని దాని సామాన్యార్థము. అయితే ఈ రెంటికిని మరియొక పోలిక కలదు. రెండును ఇరువురి సమ్మతితో జరుగవలసిన కార్యములే. పెండ్లికి వధూవరుల సమ్మతి అవసరమని నేడు అందరును అంగీకరించుచున్నారు. ఇంటి విషయమున మాత్రము పెక్కు చోట్ల యజమానియు మేస్త్రీయు కలిసి నిర్ణయింతురు. గృహప్రవేశము నాడు గృహిణి పాలు పొంగించును. అప్పటికి గోడలు లేచియుండును, మార్చుటకు వీలుండదు.

"ఇంటిని చూచి ఇల్లాలిని చూడు" అను సామెతయు కలదు. ఇంటి తీరును బట్టి ఇల్లాలి నేర్పును ఎంచువారు, ఆ తీరును నిర్ణయించినప్పుడు ఆమెను అడిగితిమా యని తమను తాము ప్రశ్నించుకొనవలెను. ఒకరు ఒక్క సాయంకాలమున చేసిన నిర్ణయమును మరియొకరు ముప్పది సంవత్సరములు మోయవలసి వచ్చుట న్యాయము కాదు. కావున దంపతులు నూతన గృహమును గూర్చి ఏ క్రమమున కలిసి ఆలోచింపవలెనో ఈ పాఠమున విచారింతము.

1. మితమును నిర్ణయించుట

మొదటి ప్రశ్న "ఎంత పెద్ద ఇల్లు?" అనునది కాదు, "మనకు ఎంత చాలును?" అనునది. దీనికి శరణ దంపతులైన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ చక్కని దృష్టాంతము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు దానికంటె అధికముగా తెచ్చెననియు, లక్కమ్మ ఆ అధికమును తిరిగి అచటనే పోసి రమ్మనెననియు, అతడు అట్లే చేసెననియు సంప్రదాయము. ఇందు గమనింపదగిన అంశములు రెండు. ఆ ఇంటి మితము ఎంతో భార్యకు తెలిసియుండెను. ఆమె మాటను భర్త ఆలకించెను. ఇల్లు కట్టు దంపతులకు ఈ రెండును కావలెను.

ఆచరణకు సులభమైన మార్గమొకటి చెప్పెదను. ఇరువురును వేరు వేరు కాగితములపై మూడేసి వరుసలు వ్రాయవలెను: ఆవశ్యకము, సౌకర్యము, ఆడంబరము. పిమ్మట రెండు కాగితములను ప్రక్క ప్రక్కన ఉంచి చదువుకొనవలెను. ఇరువురును ఆవశ్యకమని వ్రాసినవి మొదట కట్టవలెను. ఒకరికి ఆవశ్యకమై మరియొకరికి ఆడంబరముగా తోచిన దానిని గూర్చి వాదింపక, కారణమును అడిగి తెలిసికొనవలెను. ఆ కారణములోనే ఇంటి నిజమైన అవసరము బయటపడును.

మితము తప్పిన యెడల నష్టమెంతయో లెక్కవేసి చూతము. 20 లక్షల రూపాయలు 9 శాతము వడ్డీకి 20 సంవత్సరముల గడువుపై అప్పు చేసితిమని అనుకొందము. నెలకు సుమారు 18,000 రూపాయలు చెల్లింపవలెను; గడువు ముగియునప్పటికి కట్టిన మొత్తము 43 లక్షలు దాటును. చుట్టములకై ఒక గది అధికముగా వేయుటకు మరి 3 లక్షలు తెచ్చిన యెడల, ఆ గదికై నెలకు 2,700 రూపాయల చొప్పున 20 సంవత్సరములు కట్టవలెను. ఏడాదికి నాలుగు దినములు వచ్చు చుట్టములకు ఆ గది అవసరమా, వసారాలో పరుపులు వేసిన చాలునా యని ఇరువురును తేల్చుకొనవలెను. ఆ 2,700 రూపాయలు పిల్లల చదువునుండి తగ్గునవియే కదా!

2. దినచర్యను వ్రాయుట

మితము తేలిన పిమ్మట గదుల పేర్లు వ్రాయుటకు ముందు, వేకువ మొదలు రాత్రి వరకు ఇంటిలో జరుగు పనులను వ్రాయవలెను. నీరు ఎచట పట్టుదురు? అంట్లు ఎచట తోముదురు? ఉతికిన బట్టలు ఎచట ఆరవేయుదురు? వడియములు, మిరపకాయలు ఎచట ఎండబెట్టుదురు? పిల్లలు ఎచట చదువుదురు? ముసలి తల్లి రాత్రి లేచిన ఎంత దూరము నడువవలెను? ఈ ప్రశ్నలకు జవాబులు చాలవరకు గృహిణి నోటనే లభించును. ఏలయన ఆ పనులలో అధికభాగము ఆమె చేయునవే.

పూజాస్థలమును గూర్చియు ఇట్లే ఆలోచింపవలెను. మన ఇండ్లలో భార్యాభర్తలు ఇరువురును ఇష్టలింగధారులు. ఎవరి పూజ వారిది. పూజావేళ సాధారణముగా ఒక్కటే. కావున మనకు కావలసినది అలంకారపు మందసము కాదు. ఇరువురు నిశ్చింతగా కూర్చుండదగిన చోటు. ఒక్కొక్కరికి 3 అడుగుల చదరము చాలును. వంటింటి పొగయు, నడిచివచ్చువారి సందడియు లేకుండిన చాలును. ఇంటికి జంగములు, అతిథులు వచ్చుట మన ఆచారము. వారికి వడ్డించు చోటు వంటింటికి దగ్గరగా ఉండవలెను. లేనియెడల దాసోహపు పుణ్యము ఇంటికిని, నడుము నొప్పి ఇల్లాలికిని దక్కును.

3. కొలతలు తెలిసికొనుట

మాటలలో పెద్దదిగా తోచిన గది కట్టిన పిమ్మట చిన్నదగును. కావున కొన్ని కొలతలను దంపతులు ఇరువురును ఎరిగియుండవలెను. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము ముఖ్యమైన నివాసపు గది 9.5 చదరపు మీటర్లకు, అనగా సుమారు 102 చదరపు అడుగులకు తగ్గరాదు. దాని వెడల్పు 2.4 మీటర్లకు తక్కువ కారాదు. భోజనశాల వేరుగా ఉన్న ఇంటిలో వంటగది 5 చదరపు మీటర్లకు తగ్గరాదు. గది ఎత్తు 2.75 మీటర్లు, అనగా సుమారు 9 అడుగులు. ఇవి కనీసపు హద్దులే కాని ఆదర్శములు కావు.

గోడల మందమును పలువురు మరతురు. లోపల 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది వైశాల్యము 120 చదరపు అడుగులు. నాలుగు వైపుల 9 అంగుళముల గోడ కట్టిన యెడల వెలుపలి కొలత 11½, 13½ అడుగులగును. వైశాల్యము 155 చదరపు అడుగులు దాటును. 35 చదరపు అడుగులు గోడలకే పోయినవి. లోపలి అడ్డుగోడలను 4½ అంగుళములతో కట్టుకొనిన కొంత స్థలము మిగులును.

వంటగట్టు ఎత్తును మేస్త్రీ అలవాటుకు వదలరాదు. వంట చేయువారు నిలువబడి మోచేయి మడిచినప్పుడు ఆ మోచేతికి 4 నుండి 6 అంగుళములు తక్కువగా గట్టు ఉండవలెను. 5 అడుగుల స్త్రీకి ఇది సుమారు 32, 33 అంగుళములగును. గట్టు ఎత్తైన భుజములు, తక్కువైన నడుము నొచ్చును. మెట్ల ఎత్తు 6 నుండి 7 అంగుళములు, పాదము మోపు వెడల్పు 10 అంగుళములకు తగ్గకుండ ఉండుట మేలు. స్నానపు గది తలుపును సన్నగా పెట్టుట మన అలవాటు. నేడు మన తల్లిదండ్రులు, రేపు మనమే, చేతికఱ్ఱతోనో చక్రముల కుర్చీతోనో అందు ప్రవేశింపవలసి వచ్చును. అచట 3 అడుగుల తలుపు పెట్టి, గడప లేకుండ చేయుట దూరదృష్టి.

4. ముగ్గు పోసి చూచుట

కాగితముపై గీతలను చదువుట అందరికిని అలవాటు కాదు. కావున పునాది త్రవ్వుటకు ముందు స్థలములో మేకులు పాతి, త్రాడు కట్టి, ముగ్గుతో గదులను గీసి చూచుకొనవలెను. ఉదాహరణమునకు, 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలము, అనగా సుమారు 133 గజములు, ఒక దంపతులకు కలదనుకొందము. చుట్టును విడువవలసినది విడిచి, వారు 24 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవున ఇల్లు కట్టదలచిరి. భర్త ముందు హాలు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉండవలెననెను. భార్య వంటింటి వెనుక వసారా కావలెననెను. స్థలము చాలదని వాదము వచ్చినది.

వారు ముగ్గు పోసిరి. హాలు గీతల నడుమ చాపలు పరచి కూర్చుండి చూచిరి. 16 అడుగుల పొడవునకే పదిమంది సుఖముగా కూర్చుండిరి. "ఏమండీ, ఈ నాలుగడుగులు నాకు వెనుక ఇచ్చిన, అంట్లకును పిండివంటలకును నేను ఎండలో కూర్చుండ నక్కరలేదు" అని ఆమె పలికినది. హాలులో తగ్గినది 48 చదరపు అడుగులు. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల వసారాకు కావలసినదియు 48 చదరపు అడుగులే. వెనుక గీతలను కొంచెము జరుపగా వాదము తీరినది. ఖర్చు పిడికెడు ముగ్గు మాత్రమే.

5. ఎండ, గాలి, నీరు

మన ప్రాంతములలో వేసవి సాయంకాలపు పడమటి ఎండ మిక్కిలి తీవ్రము. పడమట పెద్ద కిటికీలు పెట్టిన ఇల్లు రాత్రి వరకును వేడి విడువదు. ఆ వైపున మెట్లు, సామాను గది, స్నానపు గది వంటివి పెట్టి, పడుక గదులను కాపాడుకొనవలెను. దక్షిణపు ఎండను సజ్జ ఆపగలదు. పడమటి ఎండ ఏటవాలుగా వచ్చుటచే సజ్జ చాలదు, చెట్టు మేలు. గాలి రావలెనన్న ఎదురెదురుగా రెండు కిటికీలుండవలెను.

నేలకు తాండూరు, బేతంచెర్ల బండలు చల్లగాను, చిరకాలము మన్నునవిగాను ఉండును. కేరళమున స్థిరపడి, తక్కువ వ్యయముతో ఇండ్లు కట్టుటకు మార్గము చూపిన లారీ బేకర్ (1917–2007) ఇటుకలను ప్రక్కమీద నిలిపి, నడుమ ఖాళీ వదలి గోడ కట్టు పద్ధతిని ప్రచారము చేసెను. అందు సుమారు నాలుగవ వంతు ఇటుకలు ఆదా యగును. నడుమ గాలి ఉండుటచే వేడియు తగ్గును. ఇట్టి పని ఎరిగిన మేస్త్రీ దొరికిననే చేయించవలెను.

నీటిని గూర్చి ఒక చిన్న లెక్క. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. 1,000 చదరపు అడుగుల కప్పు సుమారు 93 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కురిసిన 65,000 లీటర్లగును. ఇంకుడు గుంట త్రవ్వి ఆ నీటిని భూమిలోనికి పంపుట, మన బోరుబావిని మనమే పోషించుకొనుట. గొట్టముల వాలును, గుంట స్థలమును గీతలలోనే నిర్ణయింపవలెను.

6. అభిప్రాయ భేదము వచ్చినప్పుడు

ఇద్దరు ఆలోచించుచోట రెండు అభిప్రాయములుండుట దోషము కాదు. మూడు నియమములు పాటించిన మనస్పర్ధ రాదు. మొదటిది: ఎవరు ఎచట అధికముగా పనిచేయుదురో అచట వారి మాట ప్రమాణము. రెండవది: పిమ్మట మార్చుటకు వీలులేనివి, అనగా పునాది, మెట్లు, తలుపులు, నీటి గొట్టములు ముందు తేల్చుకొనవలెను, రంగులు, దీపములు చివర. మూడవది: వాస్తు చూపించుకొను వారు మొదటి గీతకే చూపించుకొనవలెను. గోడ లేచిన పిమ్మట ఒకరి మాట విని పడగొట్టుట, మరియొకరి మాట విని కట్టుట ధనహాని, మనశ్శాంతికి హాని. ఇంటిలో అత్తమామలుండిన వారిని కూర్చుండబెట్టి వినవలెను. వారి అవసరములను వారే చెప్పవలెను గాని, మనము ఊహింపరాదు.

7. ఇల్లు ఎవరి పేర?

కలిసి ఆలోచించిన ఇంటిని కలిసి పొందుటయే ధర్మము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని తన పరిధిలో చేర్చుకొన్నది. భర్త స్వార్జితముతో తన ఒక్కని పేర కట్టిన ఇల్లు, అతడు వీలునామా వ్రాయక మరణించిన యెడల, భార్యకు, తల్లికి, ప్రతి కుమారునకు, ప్రతి కుమార్తెకు సమానముగా పోవును. తల్లియు ఇద్దరు పిల్లలును ఉన్న యెడల భార్యకు వచ్చునది నాలుగవ వంతు మాత్రమే. తాను ముప్పది ఏండ్లు ఊడ్చి, అలికి నిలిపిన ఇంటిలో ఆమె నాలుగవ వంతు మనిషి యగును. ఇరువురి పేర సమాన భాగములుగా రిజిస్టరు చేయించిన, ఆమెకు తన సగమును, మిగిలిన సగములో నాలుగవ వంతును కలిసి ఎనిమిదింట ఐదు వంతులుండును. స్థలము కొనునాడే ఈ విషయము మాటలాడుకొనుట మేలు. ఇది అపనమ్మకము కాదు. భార్య వార్ధక్యమునకు భర్త వేయు పునాది.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మీ ఇంటిలో దినమంతయు అధికముగా ఉపయోగపడు స్థలము ఏది? అది అందులో పనిచేయువారికి అనుకూలముగా ఉన్నదా?

2. మీరు ఆవశ్యకమని తలచిన వానిలో పొరుగువారి కొరకు తలచినవి ఎన్ని?

3. ఇరువది సంవత్సరముల పిమ్మట మీ ఇరువురిలో ఒకరే మిగిలిన, ఈ ఇల్లు వారికి ఆశ్రయమగునా, భారమగునా?

దంపతులు ఈ ప్రశ్నలకు వేరు వేరుగా జవాబులు వ్రాసికొని, పిమ్మట కలిసి చదువుకొనవలెను. జవాబులు కలిసినచోట సంతోషింపవలెను. కలియనిచోట ఓపికతో మాటలాడవలెను. మేస్త్రీని పిలుచుట ఆ పిమ్మటి పని.